బడి పాట, గురువు పాట, సొంత పాట

ప్రశ్న: నేను బడిలో సంగీతం టీచరుని. పగలంతా తరగతులు, సాయంత్రం ఇంట్లో మరికొందరు పిల్లలకు సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా పాఠాలు. వారానికొకసారి మా గురువుగారి దగ్గర నేనూ నేర్చుకుంటున్నాను. ఇవి కాక సొంతంగా పాటలు కట్టాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఫోనులో కూనిరాగాలు వందల్లో ఉన్నాయి. ఒక్కటీ చరణం దాకా రాలేదు. రాత్రి తొమ్మిదికి కూర్చుంటే నా గొంతులోంచి పిల్లల పాఠమే వస్తుంది. గురువుగారేమో ‘ముందు నేర్చుకోవడం కానివ్వమ్మా, రచన తర్వాత చూద్దాం’ అంటారు. ఇంట్లోవాళ్లు అంత ఇష్టమైతే ఉద్యోగం మానెయ్యమంటున్నారు. నాకు నలభై దగ్గర పడుతోంది. ఈ మూడింటిలో దేన్ని వదలాలి? ఇంకో చిన్న సందేహం. నా పల్లవులన్నీ సమం మీదే, అంటే తాళం మొదటి దెబ్బ మీదే, ఎత్తుకుంటాయి. అది నా ఊహలో పేదరికమా? – ఒక పాఠకురాలు

సమాధానం:

టీచరు గారూ,

దేన్నీ వదలనక్కర లేదు. కనీసం ఇప్పుడప్పుడే వద్దు. మీ ఉత్తరం నిండా తీరిక లేదన్న బాధే ఉంది గానీ, నాకు అందులో ఒక్క వాక్యం మిగతావాటికంటే ముఖ్యంగా కనబడింది. రాత్రి కూర్చుంటే పిల్లల పాఠమే గొంతులోంచి వస్తోందన్నారు చూడండి, అది. తీరిక చాలకపోవడం వేరు, చెవి ఖాళీ లేకపోవడం వేరు. ఎవరైనా మీకు రోజుకు మరో రెండు గంటలు దానం చేసినా, అవి రాత్రి తొమ్మిది తర్వాత వచ్చేవైతే మీ పాట చరణం దాకా రాదు.

లెక్కల టీచరు కూడా సాయంత్రానికి అలిసిపోతారు, కానీ ఆవిడ చెవి ఖాళీగానే ఉంటుంది. ఇంటికి వచ్చి హార్మోనియం ముందు కూర్చుంటే ఆవిడకు అది హాయి. మీకు అదనపు డ్యూటీ. పైగా సంగీతం చెప్పేవాళ్ల చెవికి రోజంతా ఒకటే పని, తప్పు పట్టడం. రిషభం కిందికి జారిందా, రెండో కాలంలో తాళం పరుగెత్తిందా, దీర్ఘాన్ని మింగేశారా అని ఆరేడు గంటలు కాపలా కాసిన చెవి రాత్రికి ఒక్కసారిగా మెత్తబడదు. మీ మనసులో అప్పుడే మొలకెత్తిన సంగతిని కూడా అలాగే నిలదీస్తుంది. ‘ఇది ఎక్కడో విన్నట్టుందే’, ‘ఈ ప్రయోగం ఈ రాగంలో చెల్లదే’ అని మొదటి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పూర్తి కాకముందే తీర్పు చెప్పేస్తుంది. మీ కూనిరాగాలు పల్లవి దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయో చెప్పడానికి నాకు వేరే కారణం అక్కర్లేదనిపిస్తోంది.

కాబట్టి బోధనకు ఇన్ని గంటలు, సాధనకు ఇన్ని, రచనకు ఇన్ని అంటూ పట్టిక గీయకండి. పరీక్షల నెల రాగానే అందులో మొదట కొట్టేసే గడి రచనదే అవుతుంది. చెవి ఎప్పుడు తాజాగా ఉంటుందో, ఎప్పుడు అలిసి ఉంటుందో చూసుకుని దాన్ని బట్టి పనులు పంచుకోండి.

పాట కట్టడంలో బోలెడు పనులున్నాయి కదా. వరస దొరకబుచ్చుకోవాలి. దొరికినదాన్ని పల్లవి, అనుపల్లవి, చరణాలుగా నిలబెట్టాలి. తాజా చెవి కావలసింది ఈ రెండింటికే. ఆ తర్వాతదంతా చాలావరకు గుమాస్తా పని: స్వరలిపి రాయడం, మాటల్లోని దీర్ఘాలు తాళంలో సరైన చోట పడ్డాయో లేదో చూడటం, పల్లవికీ అనుపల్లవికీ ప్రాసాక్షరం కుదిరిందో లేదో సరిచూడటం, శుద్ధప్రతి ఎత్తడం. వీటికి వేళ్ల మీద లెక్క చాలు. రాత్రి తొమ్మిదిని వీటికి ఇవ్వండి, అదీ నోరు విప్పకుండా. పగలంతా పదునెక్కిన ఆ తప్పులు పట్టే గుణం ఇక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

వరస వెతుక్కోవడానికి మాత్రం ఉదయం కావాలి. ఇంకెవరి పాటా చెవిన పడకముందు, ఫోను తెరవకముందు ఒక అరగంట. సాధన అయ్యాక వద్దు, ఎందుకంటే ఆ పూట సాధన చేసిన కృతి నడకే మీ వరసలోకి దూరుతుంది. ఉదయం సాధనకు కేటాయించిన వేళ కదా అని మీ గురువుగారు అనవచ్చు. ఆయన మాట న్యాయమే. అందుకే ఏడు రోజులూ అడగడం లేదు. వారంలో రెండు ఉదయాలు రచనకు, మిగతా అయిదు సాధనకు. ఆ రెండూ ఏ రోజులో ముందే ఖాయం చేసుకోండి. మనసు బాగున్న రోజు చూసుకుని కూర్చుందామనుకుంటే ఆ రోజు రాదు. కూర్చున్నా ఏమీ తోచకపోతే శ్రుతి పెట్టుకుని ఆ అరగంటా అలాగే ఉండండి. లేచిపోయి ఇంకో పని మాత్రం పెట్టుకోకండి.

ఇక ఫోనులో పేరుకుపోయిన కూనిరాగాల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, పాటలు కట్టే చాలామందికి ఈ జబ్బు ఉంటుంది. నడుస్తూనో బస్సులోనో తోచిన వరసను గబగబా రికార్డు చేస్తాం. ఆ క్షణంలో తాళం మన ఒంట్లో నడుస్తూ ఉంటుంది, రికార్డులోకి మాత్రం ఎక్కదు. కొన్ని వారాల తర్వాత వింటే స్వరాలన్నీ స్పష్టంగా ఉంటాయి, సమం ఎక్కడో తెలియదు. ఎత్తుగడ సమం మీదా, తాళం లెక్కలో అర అక్షరం తర్వాతా, ఒకటిన్నర తర్వాతా? ఎంత విన్నా తేలదు. ఏ మాట మీద బరువు పడాలో తెలియనప్పుడు సాహిత్యం ఎలా అల్లుతారు? ఇకమీదట రికార్డు చేసేటప్పుడు తాళం చప్పుడు వినబడాలి, తొడ మీద వేసినా బల్ల మీద వేసినా సరే. ముందు ఒక ఖాళీ ఆవర్తనం వేసి అప్పుడు ఎత్తుకోండి. పాడటం అయ్యాక రాగం, తాళం, శ్రుతి, ఇది పల్లవా చరణమా అన్నది నోటితో చెప్పి ఆపండి. రాగం పేరు తట్టకపోతే తట్టలేదనే చెప్పండి, పేరు కోసం వరసను చెడగొట్టుకోకండి.

పాతవాటిలోంచి మూడు ఎంచుకోండి. మిగతావాటిని చెరిపెయ్యమనను, ఏడాది పాటు వినకుండా ఉంటే చాలు. వందలు ఎదురుగా ఉన్నప్పుడు కష్టమైన చోటు రాగానే ఇంకోదానికి మారిపోవడం చాలా సులువు, ఇన్నాళ్లూ జరిగింది కూడా బహుశా అదే.

ఉద్యోగాన్ని మీరు రచనకు అడ్డంగా లెక్కేస్తున్నారు. మన సంగీత చరిత్ర చూస్తే అలా అనిపించదు. మీరు రోజూ చెప్పే మాయామాళవగౌళ సరళీ స్వరాలూ జంట స్వరాలూ అలంకారాలూ నేర్పడం కోసం పుట్టినవే. ఆ క్రమాన్ని సంప్రదాయం పురందరదాసు పేర చెబుతుంది. తంజావూరు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు నలుగురూ ముత్తుస్వామి దీక్షితుల శిష్యులు, వృత్తికి నాట్యాచార్యులు. అలరింపుతో మొదలై తిల్లానాతో ముగిసే భరతనాట్య క్రమాన్ని తీర్చిదిద్దినది వాళ్లే. నేర్పడానికి వర్ణాలూ జతిస్వరాలూ కావలసి వచ్చాయి, రాశారు. నేర్పే పని లేకపోతే ఆ రచనల్లో చాలా భాగం పుట్టేవి కావేమో.

మీరూ అక్కడ మొదలుపెట్టవచ్చు. ఒక పిల్లవాడికి మోహనంలో గాంధారం నుంచి పంచమానికి వెళ్లడం కుదరడం లేదనుకోండి. మధ్యలో మధ్యమం లేదు కదా, గొంతు అక్కడ తడబడుతుంది. గీతంలో అదే చోటును పదే పదే పాడించే బదులు వాడి కోసం మీరే నాలుగు ఆవర్తనాలు రాయండి. ఆదితాళంలో ‘గ ప ద ప | గ రి | సా ||’ అని ఒకటి. ‘రి గ ప గ | ద ప | గా ||’ అని రెండోది. మొదటిది షడ్జమం మీద ఆగింది, రెండోది గాంధారం మీద నిలబడి ఇంకేదో కావాలంటోంది. మూడోదాన్ని తారషడ్జమం దాకా తీసుకెళ్తారో, మంద్ర ధైవతం వైపు దించుతారో మీ ఇష్టం. నాలుగోది మాత్రం మొదటిదాన్ని మళ్లీ ఎత్తుకునేలా ముగియాలి. వాడికది పాఠం, మీకది పూర్తయిన రచన. చిన్నదే కావచ్చు, కానీ పూర్తిచేయడమన్నది మీకిప్పుడు అన్నిటికంటే ముందు అలవడవలసిన విద్య. పైగా వాడు మంగళవారం పాఠానికి వస్తాడు, ఈలోగా ముగించక తప్పదు. ఇంతకంటే మంచి గడువు మీకెవరూ పెట్టలేరు.

దీనికీ ఒక హద్దు ఉండాలి లెండి. హంగరీ స్వరకర్త బార్టోక్ 1907 నుంచి పాతికేళ్లకు పైగా బుడాపెస్ట్ అకాడమీలో పియానో చెప్పాడు గానీ, స్వరరచన చెప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. చెబితే తన సొంత రచన దెబ్బతింటుందని ఆయన నమ్మకం. అదే మనిషి 1926–39 మధ్య పియానో నేర్చుకునేవాళ్ల కోసం సులువు నుంచి కష్టానికి నడిచే 153 చిన్న రచనలు చేశాడు. నేర్పడానికి రాశాడు, రాయడం ఎలాగో మాత్రం నేర్పలేదు. ఆయన భయం అందరికీ ఉండాలని లేదు. కానీ ఏదో ఒకటి తరగతికి అందకుండా దాచుకోవడం మంచిదే అంటాను. మీకు ఇష్టమైన రాగాల్లో ఒకదాన్ని ఎవరికీ పాఠంగా చెప్పకుండా పక్కన పెట్టుకోండి. పిల్లల అపశ్రుతులు అంటని రాగం ఒక్కటైనా ఇంట్లో ఉండాలి.

బోధనను కాస్త సర్దుకోవచ్చు కూడా. ఒకే పాఠం దగ్గర ఉన్న పిల్లలను ఒకే రోజుకు మార్చండి. ఒక సాయంత్రం పొడుగునా అలంకారాలే చెప్పడం విసుగే, అయినా గీతం, వర్ణం, అలంకారం గంటగంటకూ మారుతూ ఉండటం కంటే చెవికి అది తేలిక. బడి ముగిశాక ఇంటి పాఠాలు మొదలయ్యే లోపు పావుగంట మౌనం. మాటలు కూడా వద్దు. వారంలో ఒక సాయంత్రం ఎవరినీ రమ్మనకండి. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు.

గొంతు సంగతి మీరు రాయలేదు గానీ నేను అడుగుతాను. పిల్లల శ్రుతికి మీరు రోజంతా పాడుతున్నారా? మీ శ్రుతి వేరు, వాళ్లది వేరు అయినప్పుడు ప్రతి వాక్యమూ మీరే పాడి చూపిస్తూ పోతే సొంత పాటకు గొంతు మిగలదు. ఒకసారి పాడి చూపండి, తర్వాత వాద్యం మీద వినిపించండి, బాగా వచ్చిన పిల్ల చేత పాడించి మిగతావాళ్లను అనుసరించమనండి. బొంగురు మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోవాలి. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కింద లెక్కకు రాదు.

గురువుగారి మాట దగ్గర నేను కాస్త ఆగాల్సి వచ్చింది. నేర్చుకోవడం పూర్తయ్యాక రచన అన్న నియమాన్ని అక్షరాలా పాటించిన స్వరకర్త ఒకాయన ఉన్నాడు, ఆస్ట్రియాకు చెందిన బ్రూక్నర్. 1824లో పుట్టాడు, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టాడు, తర్వాత చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. 1855 నుంచి 1861 దాకా జెక్టర్ అనే ఆచార్యుడి దగ్గర, ఎక్కువ భాగం ఉత్తరాల ద్వారా, స్వరశాస్త్రం నేర్చుకున్నాడు. ఆ ఆరేళ్లూ సొంత రచన చేయకూడదని గురువు షరతు. ఈయన పాటించాడు. అంతటితో ఆగక ఇంకో గురువు దగ్గర చేరాడు. మొదటి సంఖ్య ఇచ్చుకున్న సింఫనీ (పెద్ద వాద్యబృంద రచన) 1868లో జనం ముందు వినిపించే నాటికి ఆయనకు 43 ఏళ్లు. ఆ క్రమశిక్షణ ఆయన్ను గొప్పవాణ్ని చేసిందనేవాళ్లున్నారు, కాదనను. అయితే మిత్రులూ శిష్యులూ ఏదో ఒక మాట అనడం, తాను అప్పటికే ముగించిన రచనలను మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ కూర్చోవడం చివరిదాకా ఆయనకు తప్పలేదు. అన్నాళ్లు తన తీర్పును ఇంకొకరి చేతిలో పెట్టినవాడికి దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టమైందని నా అనుమానం.

మన పద్ధతిలో మాత్రం ఆ చిక్కు అంతగా లేదు. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ గురువు కృతులను రాసి భద్రపరుస్తూనే తానూ రచనలు చేశాడు. ఆ సంగతి అలా ఉంచి, మనోధర్మం, అంటే సొంత ఊహతో అల్లి పాడటం, అనేదొకటి మన పాఠంలోనే ఉంది కదా. కల్పన స్వరం అప్పటికప్పుడు చేసే రచనే. సాహిత్యంలో ఒక పంక్తిని రకరకాలుగా మలిచి పాడే నెరవు కూడా అంతే. మీ గురువుగారిని రచనకు అనుమతి అడగకండి. ఈసారి కొత్త కృతి బదులు, వచ్చిన కృతికే కల్పన స్వరాలు చెప్పమని అడగండి. చిట్టస్వరం (కృతికి ముందే కట్టి చేర్చిన స్వరాల వరస) లేని కృతి ఒకటి తీసుకుని, రెండు ఆవర్తనాల చిట్టస్వరం మీరే రాసుకెళ్లి చూపించండి. ఆయన దాన్ని పాఠంగానే చూస్తారు, దిద్దుతారు, ఎక్కడ రాగం పలచబడిందో చెబుతారు. ఏ గురువూ శిష్యురాలి చిట్టస్వరాన్ని అహంకారం కింద లెక్కేయరు. వారం వారం వెళ్లలేకపోతే రెండు వారాలకొకసారి వెళ్లి పెద్ద పాఠం తెచ్చుకోండి. సగం సాధనతో ప్రతి వారం వెళ్లి నిలబడటం ఆయనకూ బాగుండదు, మీకూ బాగుండదు. సొంత పాట మాత్రం పూర్తయ్యేదాకా చూపించవద్దు. చూపించేటప్పుడు కూడా ‘ఎలా ఉంది’ అని అడగకుండా, ‘చరణంలో ఈ ముగింపు పల్లవికి సరిగ్గా అందుతోందా’ అని ఒకే ప్రశ్న అడగండి.

ఉద్యోగం మానడం గురించి. ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ లండన్‌లో ఒక ఆడపిల్లల బడిలో 1905 నుంచి 1934లో కన్నుమూసేదాకా సంగీతం చెప్పాడు. గ్రహాల మీద ఆయన రాసిన ఏడు భాగాల వాద్యబృంద రచన 1914–17 మధ్య ఆ ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో, సెలవుల్లో తయారైంది. బయటి చప్పుడు చొరబడని గది ఒకటి ఆయనకు బడిలో దొరికింది. కుడి చేతికి నరాల నొప్పి ఉండేది కాబట్టి అంత పెద్ద రచన ప్రతి ఎత్తడంలో తోటి సంగీతం టీచర్లు సాయపడ్డారు. నాకు ఈ కథలో ఆ గదీ ఆ టీచర్లూ ముఖ్యం. మీ బడిలో తరగతులు అయిపోయాక ఒక గది తాళంచెవి అడగగలరా? స్వరలిపి చక్కగా రాసే సహోద్యోగి గానీ పెద్ద శిష్యురాలు గానీ ఉన్నారా? ఇలాంటివి అడగడానికి మొహమాటపడి ఉద్యోగమే వదిలేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ తన తండ్రి నడిపే బడిలో పిల్లలకు చదువు చెబుతూనే 1815 ఒక్క ఏడాదిలో 140కి పైగా పాటలు కట్టాడు. అది చదివి బెంగ పెట్టుకోకండి, ఆయనకప్పుడు 18 ఏళ్లు, పైగా ఆ ఉద్యోగమంటే ఒళ్లుమంట, తర్వాత వదిలేశాడు కూడా.

మీ ఇంట్లోవాళ్లు ప్రేమతోనే చెబుతున్నారు, కానీ నెల జీతాన్ని పందెం కాసే ముందు చేతిలో ఉన్నదాన్ని పరీక్షించండి. వచ్చే పెద్ద సెలవుల్లో ఇంటి పాఠాలు కూడా ఆపేసి, ఎంచుకున్న మూడు వరసల్లో ఒకదాన్ని పట్టుకుని కూర్చోండి. మొదటి వారం ఏమీ జరగదు, చెవి ఖాళీ కావడానికే అది సరిపోతుంది. దాన్ని చూసి నిరాశపడవద్దు. సెలవులు ముగిసేసరికి పల్లవి, అనుపల్లవి, ఒక్క చరణం స్వరలిపితో సహా తేలితే, ఏడాదిలో మిగతా నెలలు సేకరణకూ సాధనకూ, సెలవులు కట్టడానికీ పెట్టుకుని ఉద్యోగంలోనే ఉండండి. తేలకపోతే ఉద్యోగం మానినా తేలదు. అప్పుడు వెతకవలసిన కారణం ఇంకోటి ఉంటుంది. పాట నిజంగానే పొంగుకొచ్చి, సెలవులు చాలక, బడి తెరిచిన రోజు ఏడుపొస్తే మాత్రం ఇంటి పాఠాలు సగానికి తగ్గించుకోవడం గురించి ఆలోచించండి. ఉద్యోగం గురించి ఆ తర్వాత.

చివరి సందేహానికి వస్తే, సమం మీద ఎత్తుకోవడం పేదరికమేమీ కాదు. సమం ఎత్తుగడతో గొప్ప పాటలు ఎన్నో ఉన్నాయి. మీ విషయంలో మాత్రం అది రోజంతా సరళీ స్వరాలూ అలంకారాలూ చెప్పిన ప్రభావం కావచ్చు, అవన్నీ సమం మీదే మొదలవుతాయి కదా. తేల్చుకోవాలంటే పల్లవిలోని మొదటి మాటను పాడకుండా తాళం వేస్తూ మామూలుగా పలికి చూడండి. ఆ మాటలో బరువు మొదటి అక్షరం మీద పడుతుంటే సమమే సరి. రెండో అక్షరం మీదో మూడోదాని మీదో పడుతుంటే, ఆ అక్షరాన్ని సమం మీదికి తెచ్చి, ముందున్నవాటిని వెనకటి ఆవర్తనం చివరికి జరపండి. ఎంచుకున్న మూడింటికీ ఈ పరీక్ష పెట్టాక, కుదరనిది ఏదైనా ఉంటే దాని పల్లవి స్వరలిపి మాటలతో సహా రాసి పంపండి. తాళం గుర్తులు లేకుండా పంపితే మాత్రం నేనూ ఏమీ చెప్పలేను.